నాలుగో పీల్పు

రాత్రి పదకొండున్నరకు ఐరాల నుంచి ఫోన్.
"మే భువనా, ఈ మందు పలకడం లేదు."
పెద్దమ్మ చెంగమ్మ గొంతులో
మాటకూ మాటకూ నడుమ ఒక సన్నని ఈల.
"ఎన్నిసార్లు పీల్చినావు?"
"లెక్క పెట్టేదానికి ఊపిరుంటే గదా."

నలభై ఏళ్లు బెల్లం పెనం ముందర నిలబడిన మనిషి.
చెరుకుపిప్పి మంట, సున్నపు నురగ, పాకం ఆవిరి
ఒకదాని వెనక ఒకటి ఆమె రొమ్ములోకి పోయి
తిరిగి రాలేదు.
నీలి పంపు వచ్చిన కొత్తల్లో ఒక్క పీల్పుకే
ఎదురింటి మేకను అదిలించేంత గొంతు లేచేది.
తర్వాత రెండు. తర్వాత మూడు.
ఇప్పుడు దిండు కింద ఒకటి, కొంగు ముడిలో ఒకటి,
పాత వక్కాకు సంచిలో ఖాళీవి ఏడు.

నేను తిరుపతిలో, ల్యాబు కింది గదిలో,
ఏసీ చలికి శాలువా కప్పుకొని
అదే మందును ఒక్క చుక్క
గాజుపలక మీది కణాల మీద వదిలి కూచున్నా.
కాకతాళీయం కాదు. ఈ పని అడిగి తీసుకున్నా.

మొదట కణం చుట్టూ పచ్చగా వెలిగే అంచు,
చేతి గాజులా ఎక్కడా తెగని గీత.
ఆ గీతంతా వాకిళ్లే.
మందు వచ్చి తాకితే లోపలికి కబురు పోతుంది:
వదులు, బిగబట్టింది వదులు.
ఆరో నిమిషానికి గీత అక్కడక్కడా తెగింది.
పదో నిమిషానికి అంచు వెలిసిపోయి
లోపల ఆవాలు చల్లినట్టు చుక్కలు.
వాకిళ్లకు చెదలు పట్టలేదు, ఎవరూ విరగ్గొట్టలేదు.
తమంతట తామే లోపలికి నడిచిపోయాయి.

వీధిలో ఒకడు తెల్లార్లూ పిలుస్తూనే ఉంటే
ఏ ఇల్లు మాత్రం తలుపు బార్లా తీసి పెడుతుంది?

అలిపిరిలో నడిచేవాళ్ల సంచులు తీసుకుని చీటీ ఇస్తారు.
మనిషి మెట్ల దారిన, సంచి లారీ దారిన.
కణంలోనూ అట్లాంటి గది ఒకటుంది.
కాసేపు తాకిపోయిన మందైతే
దాన్ని విడదీసి, వాకిలిని మళ్లీ అంచుకు పంపుతారు.
రాత్రంతా పట్టుకు వేలాడిన మందైతే
వాకిలి మీద చిన్న గుర్తు పడుతుంది.
గుర్తు పడినవి కరిగించే చోటికి,
పెనం మీది నురగ తీసి పారబోసినట్టు.

ఫోన్లో ఇదంతా ఎట్ల చెప్పేది?
"పెద్దమ్మా, వాకిళ్లు లోపలికి పోయినాయి."
"వాకిలి యాడికి పోతాది మే, పోయేది మనుషులు గదా!"
నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు.
ఫోన్ పెట్టకుండానే, పక్కసీటు హరినాథ్ ఫోన్ లాక్కుని
నూటెనిమిదికి చేశా.

చిత్తూరు ఆసుపత్రిలో నాలుగు రోజులు.
వచ్చేటప్పుడు ఇంకో రంగు పంపు చేతిలో పెట్టి
ఇది రోజూ, అది ఎప్పుడో అన్నారు.
"ఇది పీలిస్తే ఏం తెలీడమే లేదే!"
నిజమే. అది అప్పటికప్పుడు ఊపిరి తెచ్చియ్యదు.
లోపలి వాపు తీస్తుంది, కొత్త వాకిళ్లు చెక్కిస్తుంది.
వడ్రంగం నిదానమైన పని, పెద్దమ్మా.

మాఘమాసంలో చూడ్డానికి పోయినా.
పొయ్యి దగ్గరికి రానీయడం లేదామెను.
వెనక గదిలో, తలుపేసి, నులకమంచం మీద.
గానుగ దగ్గర గోవిందస్వామి గరిట తిప్పుతున్నాడు.

లోపలికి పోయిన వాకిలి మూగదని
చాలాకాలం పుస్తకాలు అనుకున్నాయి.
కాదు. ఆ చుక్కల్లో నుంచీ మాట్లాడుతుంది,
ఆలస్యంగా, వేరే యాసలో.
అంచున నిలబడి ఎంత అరిచినా అందని కొన్ని మాటలు
అక్కణ్ణించే కణం నడిగింజకు అందుతాయి.
ఇది నా నోటుపుస్తకంలో ఉంది.
కానీ నమ్మింది ఆ సాయంత్రమే.

గోడ అవతల నుంచి, కళ్లు మూసుకునే, పెద్దమ్మ అంది:
"దించు. మోత మారింది."
గోవిందస్వామి అటూ ఇటూ చూసినాడు.
ఎవరూ కనపడలేదు.
పెనం దించినాడు.